వేట లేని రోజుల్లో భీమిలి

2025 మే 20, మంగళవారం. గుంతకల్లు స్టేషన్

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ కోసం ప్లాట్‌ఫారం మీద కూచున్నాం. నేనూ, మా ఆమే, మనవడూ. వాని వేసవి సెలవులకని పెట్టుకున్న ప్రయాణం. రేపు పొద్దెక్కేసరికి విశాఖ, అక్కణ్ణుంచి భీమిలి.

"సముద్రం కాడ ఇసుక మన హగరి ఇసుక మాదిరే ఉంటుందా తాతా?" అని వాడు పొద్దున్నించి అడుగుతున్నాడు.

మా ఊరు కణేకల్లు మండలంలో, వేదవతి హగరికి దగ్గర. మాకు ఇసుక అంటే ఆట కాదు. ఆషాఢం గాలి లేచిందంటే ఎండిన ఏటిలో ఇసుక లేచి చేల మీద పడుతుంది. బొమ్మనహాల్ మండలం గోవిందవాడ వైపు పోయి చూస్తే, ఒకప్పుడు శెనక్కాయ పండిన నేల మీద ఇసుక దిబ్బలు కనబడతాయి. గట్టు మునుగుతుంది, కంచె మునుగుతుంది, తర్వాత చేనే మునుగుతుంది. ఎదురుగా చెట్లు నాటి ఆపాలని చూస్తూనే ఉన్నారు. అలాంటి ఊరి పిల్లవాడు ఇసుకలో ఆడుకోడానికి రాత్రంతా రైలెక్కి పోతున్నాడు.

అదే రోజు, రాత్రి. నంద్యాల దాటాక

ఎదురు బెర్తు మీద ఒక కుర్రాడు. బెంగళూరులో సెక్యూరిటీ పని. విజయనగరం జిల్లా పూసపాటిరేగ వైపు సముద్రం పక్క పల్లె అట. వాళ్ల నాన్న గుజరాత్‌లో, వీరావల్‌లో బోటు మీద పనికి పోతాడట. "మా దగ్గర హార్బరు లేదు సార్. పెద్ద బోట్లు అక్కడే" అన్నాడు.

2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు 20 మందికి పైగా వీరావల్ బోట్ల మీద వేటకు పోయి పాకిస్తాన్ చేతికి చిక్కారు. ఎక్కువమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరారు. అప్పట్లో పేపర్లో చదివి, సముద్రం పక్కనే ఉన్నవాళ్లు అంతదూరం ఎందుకు పోయారా అనుకున్నాను. కదిరి, తనకల్లు పల్లెల నుంచి కేరళకు పోయే మావాళ్ల గురించి అట్లా ఎప్పుడూ అనుకోలేదు. వాన లేదు కాబట్టి పోయారు అంటాం. నీళ్ల పక్కన ఉన్నవాడికీ బతుకు చాలక ఊరు దాటే రోజు వస్తుందని ఈ కుర్రాడు చెప్తుంటే తెలుస్తున్నది.

మే 21, బుధవారం. భీమిలి

విశాఖ నుంచి బీచ్ రోడ్డు. రుషికొండ, తొట్లకొండ మలుపు, మంగమారిపేట. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొత్త మేడలు, హోర్డింగులు. ప్రతి హోర్డింగు మీదా సముద్రం కనబడే బాల్కనీ బొమ్మ. ఏ బొమ్మలోనూ పడవ లేదు.

మనవడు కారు దిగినవాడు దిగినట్టే ఉరికాడు. మోకాళ్ల లోతు దాకా పోయి, వెనక్కి తిరిగి, "అవ్వా, ఇది అయిపోదు!" అని అరిచాడు. మా ఆమె కళ్లు తుడుచుకున్నది. మేలో బిందెడు నీళ్ల కోసం ట్యాంకరు చుట్టూ నిలబడిన ఏళ్లు ఆమెకు గుర్తున్నాయి.

మే 22, గురువారం. తెల్లవారుజాము

అయిదుకే లేచి ఒడ్డుకు పోయాను. వరసగా ఫైబరు బోట్లు, ఇసుక మీదికి లాగి పెట్టినవి. ఇంజన్లు విప్పి టార్పాలిన్లు కప్పారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం. 2015కు ముందు 47 రోజులుండేది, అప్పటినుంచి 61 రోజులు. ఇంజను లేని నాటు పడవలకు మాత్రం మినహాయింపు. ఈ రెండు నెలలకూ ప్రభుత్వం ఇచ్చే భృతిని ఈ ఏడు 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచారు.

అంటే మన బడులకు సెలవులిచ్చే కాలమూ, వీళ్ల చేతులకు పని లేని కాలమూ ఒకటే. వేసవిలో వచ్చే మనబోటివాళ్లం జాలరి ఊరిని పని ఆగినప్పుడు మాత్రమే చూస్తాం. ఒడ్డున కూచున్న మగవాళ్లను చూసి "హాయిగా ఉన్నారు" అనుకొని పోతాం. ఉగాదికీ ఏరువాకకూ మధ్య మా ఊరి అరుగుల మీద కూచున్న రైతులను చూసి కూడా ఎవరైనా అలాగే అనుకోవచ్చు.

ఆరు గంటలకు ఒక తెప్ప వచ్చింది. నాలుగు దుంగలు తాళ్లతో కలిపి కట్టినది, ఇద్దరు మనుషులు, తెడ్లు. అలలో దాన్ని నిలబెట్టిన తీరు చూస్తూ ఉండిపోయాను. ఒడ్డు చేరగానే తాళ్లు విప్పి దుంగలను వేరు చేసి ఆరబెట్టారు. తడి పీల్చుకున్న కర్ర బరువెక్కుతుందట, ఎండితేనే రేపు తేలుతుంది. వచ్చిన చేప ఒక తట్టకు కూడా నిండలేదు. నెత్తళ్లు, కాసిని కవళ్లు, రెండు గులివిందలు. ఆడవాళ్లు తట్ట చుట్టూ చేరి బేరం మొదలుపెట్టారు. సముద్రంలోంచి తెచ్చేది మగవాడు, అమ్మి డబ్బు చేసేది ఆడమనిషి. ధర ఎంతన్నది ఆమె నోట్లోంచి రావలసిందే. తెచ్చినవాళ్లిద్దరూ ఒక పక్కకు పోయి బీడీలు ముట్టించుకున్నారు.

అదే రోజు, రాత్రి

రిసార్టు హోటల్లో భోజనం. చందువా వేపుడు ఉందన్నారు. నిషేధం కదా, ఎక్కడిదని వడ్డించే అబ్బాయిని అడిగాను. పడమటి తీరం నుంచి ఐసులో వచ్చిందన్నాడు. అక్కడ నిషేధం జూన్ 1న మొదలవుతుంది, మేలో ఇంకా వేట ఉంటుంది. బంగాళాఖాతం అల చప్పుడు వింటూ అరేబియా సముద్రపు చేప తిన్నాం. ఇక్కడ ఉన్నన్నాళ్లూ చేప తినేదుంటే పొద్దున తట్ట దగ్గర కొందామని మా ఆమె తీర్మానించింది.

మే 23, శుక్రవారం. ఎర్రమట్టి దిబ్బలు

భీమిలికి కాస్త ఇవతల. దిగి నాలుగడుగులు వేయగానే మా నేల మీద నిలబడ్డట్టే అనిపించింది. అదే ఎరుపు. వాన కోసిన వంకలు, నిలువు గోడలు. మనవడు పిడికెడు తీసి వాసన చూశాడు.

ఇది సముద్రపు ఇసుకే. వేల ఏళ్ల కిందట, మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోసింది. అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో ఉన్నాయి, దక్షిణాసియాలో ఇంకెక్కడా పెద్దగా లేవు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. అయినా అంచుల్లో తవ్వకాలు, లేఅవుట్ల తగాదా ఆగలేదు. పోయిన ఏడు జులైలో జేసీబీలు దిగితే పేపర్లు గోల చేశాక పని ఆపారు.

గాలి తెచ్చిన ఇసుక మా దగ్గర చేను మింగుతుంది, ఇక్కడ వారసత్వమైంది. రెంటికీ మధ్య ఉన్నది కాలమే. మా గోవిందవాడ దిబ్బలు చూడటానికి ఎవరూ టికెట్టు కొనరు. వాటి కింద ఎవరి పట్టా భూములున్నాయో ఇంకా అందరికీ తెలుసు.

మే 24, శనివారం

ఈరోజు పూర్తిగా ఒక పెద్దాయన దగ్గర కూచున్నాను. వల బాగుచేస్తున్నాడు. కాళ్లు చాపి, వల అంచును కుడికాలి బొటనవేలికి తగిలించి బిగువుగా పట్టాడు. చేతిలో దారం చుట్టిన ప్లాస్టిక్ సూది, ఇంకో చేతిలో వేలెడు వెదురు బద్ద. కన్ను ఎంత ఉండాలో ఆ బద్ద కొలత. పీత కొరికి చింపినచోట చుట్టూ కత్తిరించి, బద్ద మీదుగా దారం తిప్పి, ముడి వేసి, లాగి, మళ్లీ తిప్పి. చూపు మాత్రం నీళ్ల మీదే. వేళ్లకు కళ్లతో పని లేదు.

"ఏ ఊరు బాబూ?"

"అనంతపురం జిల్లా."

"నీళ్లుండవంటారు, అదేనా? మరి ఏటి తిని బతుకుతారు?"

శెనక్కాయ అన్నాను. బోరు వెయ్యి అడుగులు దింపినా దుమ్మే వచ్చిన సంగతి, ఏడాదికి అయిదొందల యాభై మిల్లీమీటర్ల వాన, అదీ వస్తే వచ్చినట్టు అని చెప్పాను. ఆయన సూది ఆపి విన్నాడు. తర్వాత అన్నాడు: "మాకూ అంతే. నీళ్లున్నాయి గానీ, చేప వస్తే వచ్చినట్టు."

ఈ పేటలో జాలర్లు, వాడబలిజలు. వాళ్ల నాన్న రోజుల్లో అన్నీ కర్ర తెప్పలే. తర్వాత ఫైబరు, ఇంజను, దానికి డీజిలు, డీజిలుకు అప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈయన బోటు రెండు ముక్కలైంది, వలలు దొరకనేలేదు. ఆ అప్పు తీరడానికి చాలాకాలం పట్టింది. బంధువుల్లో కొందరు నాగార్జునసాగర్ కట్టేటప్పుడు పనికి పోయి అక్కడే నిలిచిపోయారు, జలాశయంలో చేపలు పట్టుకుంటూ. నల్గొండ జిల్లాలో వాళ్లుండే చోటును వైజాగ్ కాలనీ అంటారు. ఆదివారమైతే హైదరాబాదు కార్లు ఆ ఒడ్డుకూ చేరుతున్నాయి, పడవ షికారుకూ చేపల వేపుడుకూ.

"రిసార్టులు వచ్చాక మీకు మేలేనా?" అని అడిగాను.

ఆయన తొందరపడి చెప్పలేదు. కోడలు ఒక రిసార్టులో గదులు తుడుస్తుంది, నెల జీతం వస్తుంది, అది మేలే అన్నాడు. తన మనవడు వచ్చినవాళ్లను బోటు షికారు తిప్పుతాడు, అదీ మేలే. కానీ అటువైపు చూడమని చెయ్యి చూపించాడు. పేట నుంచి ఒడ్డుకు వచ్చే పాత బాటకు అడ్డంగా ఇనప కంచె, దాని వెనక పచ్చగడ్డి. ఇప్పుడు వలలు మోసుకొని చుట్టు తిరిగి రావాలి. "ఇసుకుంటేనే బోటు ఎక్కుతాది, వల ఆరుతాది, చేప ఎండుతాది బాబూ. సంద్రం ఎవరూ తీసుకోలేరు. ఇసుక తీసేసుకుంటే సంద్రం ఉండి ఏటి లాభం?"

అప్పుడు నాకు బాగా అర్థమైంది. ఈ ఇసుక వీళ్ల కళ్లం. మా ఊళ్లో కళ్లం ఒకరి సొంతం కాదు, అయినా దాని మీద ఎవరూ ఇల్లు కట్టరు. పంట రాని ఏడు కూడా దాన్ని అలికి ఉంచుతాం. ఖాళీగా ఉంది కదా అని ఎవరన్నా కంచె వేస్తే ఊరు ఊరుకోదు. ఇక్కడికి వచ్చే మనకు మాత్రం ఇది ఖాళీ స్థలంలాగే కనిపిస్తుంది. అమ్మేవాడికీ, కట్టేవాడికీ అలాగే కనిపిస్తుంది.

చట్టం లేక కాదు. 1991 నుంచి తీరం కోసం సీఆర్‌జెడ్ నిబంధనలున్నాయి. గ్రామీణ తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపల కొత్త కట్టడాలు కూడదనేవారు. 2019 నిబంధనల్లో జనం దట్టంగా ఉండే గ్రామీణ తీరాలకు ఆ హద్దును 50 మీటర్లకు తగ్గించారు. నగరంలో కలిసిన తీరాలకు వేరే లెక్క, భీమిలి ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థలోదే. ఈ భీమిలి ఇసుకలోనే పునాదులు తీసి కాంక్రీటు గోడలు లేపితే, హైకోర్టు చెప్పాక, 2024లో నగరపాలక సంస్థ వచ్చి కూల్చింది. కోర్టు దాకా పోయే ఓపిక ఎవరికో ఒకరికి ఉండబట్టి ఆ పని జరిగింది.

మా ఉమ్మడి జిల్లాలోనూ భూమి చేతులు మారడం చూశాను. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో మెట్టచేలు పోయి 2019 నాటికి కియా కార్లు బయటికొచ్చాయి. నంబులపూలకుంటలో ఎటు చూసినా సోలారు పలకలే. ఉద్యోగాలు రాలేదని అనను, వచ్చాయి. ఆ చేలకైతే పాసుపుస్తకం ఉంది, ఎకరానికి ఇంత అని లెక్క కట్టడానికి ఒక కాగితం ఉంది. వల ఆరేసే ఇసుకకు ఏ జాలరి పేరునా పాసుపుస్తకం లేదు. అందుకే పోయినప్పుడు పరిహారం అడగటానికి కూడా వీలుండదు.

మే 25, ఆదివారం

విశాఖ అంతా ఇక్కడే ఉన్నట్టుంది. మొక్కజొన్న పొత్తులు, ముంత మసాలా, గుర్రాలు, ఫోటోలు. జనం సంతోషంగా ఉన్నారు. ఆరునెలలు ఆఫీసుల్లో మగ్గిన మనుషులు నీళ్లలో చేతులు పట్టుకొని గెంతుతుంటే చూడటం నాకూ సంతోషమే. సముద్రం అందరిదీ.

మధ్యాహ్నం ఒక కుటుంబం ఆరేసిన వల మీద దుప్పటి పరచి టిఫిన్ డబ్బాలు విప్పింది. చెడ్డవాళ్లు కాదు, వాళ్లకు తెలియదు. నిన్నటి పెద్దాయన దూరం నుంచి చూస్తున్నాడు గానీ ఏమీ అనలేదు. మా ఆమె పోయి మెల్లగా చెప్పింది. వాళ్లు వెంటనే లేచి, "అయ్యో, పాతదనుకున్నామమ్మా" అన్నారు. ఆ వల ఖరీదు వేలల్లో ఉంటుంది.

సాయంత్రం చేపలమ్మే ఆమె మా ఆమెకు నెత్తళ్ల పులుసు నేర్పింది. చింతపండు వద్దు, మామిడికాయ వెయ్యమ్మా, తల గిల్లి పొట్ట తియ్యాలి, గరిటె పెట్టి తిప్పకూడదు, గిన్నె పట్టి ఊపాలి అని. రాత్రి గది చూసుకునే అబ్బాయి వాళ్లింట్లో వండారు. సంగటి ఉంటే ఇంకా బాగుండేదని మా ఆమె అన్నది. నాకూ అదే అనిపించింది.

మే 26, సోమవారం

డచ్చివాళ్ల సమాధులు చూశాం. పిరమిడ్ల మాదిరి కోణంగా లేచిన ఇటుక కట్టడాలు, చెక్కిన రాతి పలకలు. 17వ శతాబ్దంలో వర్తకానికి వచ్చి, 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించి పోయారు. 1861లోనే భీమిలి మునిసిపాలిటీ అయింది, దేశంలోని పాత మునిసిపాలిటీల్లో ఒకటి. ఇక్కడినుంచి ఓడలు రంగూన్ పోయేవి. ఓడలు ఆగిపోయాయి, రేవు మూతపడింది. జాలరిపేట ఇప్పటికీ ఉంది. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట నిలబడి మనవడికి ఇదంతా చెప్తే, "వీళ్లు ముందునుంచీ ఉన్నారు కదా, అయితే ఊరు వీళ్లదే" అన్నాడు.

మధ్యాహ్నం ఊరినుంచి ఫోను. వాన పడింది! నైరుతి ఈసారి తొందరగా కదిలింది. 24న కేరళ తాకి, ఈరోజు రాయలసీమలోకి వచ్చిందని వార్తల్లోనూ చెప్తున్నారు. "పదును బాగుంది, గుంటక తోలొచ్చు, ఎప్పుడొస్తావు?" అని తమ్ముడు. ఈ రాత్రి నాకు నిద్ర పట్టడం లేదు. ఇన్ని నీళ్ల పక్కన పడుకొని మా చేలో పడ్డ వాన గురించే ఆలోచిస్తున్నాను.

మే 27, మంగళవారం

బయలుదేరాం. పెద్దాయన పొట్లం కట్టిన ఎండు నెత్తళ్లు ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఊరికి చేరాక శెనక్కాయలు పార్సిలు చేస్తానన్నాను.

జూన్ 8, ఆదివారం. ఊరు

మృగశిర కార్తె. శెనక్కాయ విత్తనం, కదిరి లేపాక్షి రకం, తెచ్చి పెట్టుకున్నాం. నేల ఆరింది, ఇంకో పదును కావాలి. భీమిలికి శెనక్కాయల బస్తా పంపించాను.

జూన్ 15, ఆదివారం

నిన్న అర్ధరాత్రితో వేట నిషేధం ముగిసింది. పొద్దున ఫోను చేస్తే పెద్దాయన కోడలు ఎత్తింది. మామా, కొడుకులూ తెల్లారకముందే పోయారు, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి దింపామని చెప్పింది. కంచె ఇంకా అలాగే ఉందట. కలెక్టరుకు అర్జీ పెట్టారు.

దసరాకో, సంక్రాంతికో మీలో కొందరు భీమిలి పోతారు. మంగినపూడి, సూర్యలంక, మైపాడు పోయేవాళ్లూ ఉంటారు. పోండి, పిల్లలను తీసుకుపోండి. ఇసుక మీద వల కనబడితే తొక్కకుండా చుట్టూ తిరిగి పోండి. చేప కొనేదుంటే తట్ట ముందు కూచున్న ఆమె దగ్గర కొనండి. గది తీసుకునేముందు, జాలర్లు ఒడ్డుకు వచ్చే బాట తెరిచి ఉందా లేదా అని అడగండి. మూసినచోట దిగకండి, ఎందుకు దిగలేదో కూడా వాళ్లకు చెప్పి రండి.